బుల్లబ్బాయి అచ్చు పోసిన కుర్చీ

"రద్దు చేసుకోండి మేబెల్ టీచర్ గారూ. భేషుగ్గా రద్దు చేసుకోండి. బుల్లబ్బాయి వద్దంటాడా? అనడు. జగదాంబ టెంట్ హౌస్ ఇక్కడికి నాలుగడుగులు, నేనే ఆటో పిలిచి ఎక్కిస్తాను. కానీ ఒక్క ముక్క చెప్పి మరీ ఎక్కిస్తాను. ఆ ప్లాస్టిక్ కుర్చీ గురించి నాకు తెలీదనుకుంటున్నారా? అసలు దాన్ని కన్నదే నేను! కనిపెట్టిందీ నేనే, ఛీ పొమ్మన్నదీ నేనే!"

సికింద్రాబాద్ పక్క తిరుమలగిరి చౌరస్తాలో ఐలయ్య టీ హోటల్ ముందు ఈ మాట పడేసరికి, తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించారు. తొంభై ఏడో సంవత్సరం, శనివారం, పొద్దున పదకొండు గంటలు. హోటల్ ముందున్న సిమెంటు అరుగులో సగం బుల్లబ్బాయికే సరిపోతుంది, మిగతా సగంలో ఇద్దరు సర్దుకుంటారు. అల్వాల్‌లో నాంచారమ్మ సప్లయర్స్ ఆయనదే. భార్య పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. షామియానాలు, గుండిగలు, నాలుగొందల ఇనప మడత కుర్చీలు అద్దెకిస్తాడు. రావులపాలెం అవతల్నించి వచ్చి ఇరవై రెండేళ్ళయినా గోదారి యాస వదల్లేదు, కోతలు అసలే వదల్లేదు.

మేబెల్ టీచర్ గారి అమ్మాయి ప్రేమమణి పెళ్ళి వచ్చే గురువారం. చర్చి ఆవరణలో విందుకి రెండొందల కుర్చీలు బుల్లబ్బాయికే చెప్పారు. ఇప్పుడు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయిన తమ్ముడు రిచర్డ్‌ని వెంటబెట్టుకుని, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి వచ్చారు. కారణం కూడా దాచలేదు. పోయిన నెల వాళ్ళింట్లో ప్రధానం జరిగింది. పెళ్ళికొడుకు తండ్రి లూకా గారు కాకినాడ నించి వచ్చి, ఎంత బతిమాలినా కుర్చీలో కూచోలేదు. మూడు గంటలూ నించునే ప్రార్థన, నించునే భోజనం, నించునే సెలవు. ఆడపిల్లవారు మర్యాద తక్కువ చేశారని ఆయన అలిగాడని చూసినవాళ్ళందరికీ అర్థమైంది. అప్పట్నించీ అట్నించి ఫోను లేదు. ప్రేమమణి కంచం ముందు కూచుని అన్నం కెలుకుతోంది.

"పెళ్ళిలో కూడా ఆయన అలాగే నించుంటే మా పిల్ల ఆ ఇంట్లో ఏ మొహంతో అడుగుపెడుతుంది చెప్పండి," అన్నారు టీచర్ గారు. "ఈసారి ఏ లోటూ ఉండకూడదు. జగదాంబ వాళ్ళ దగ్గర కొత్త ప్లాస్టిక్ చేతుల కుర్చీలున్నాయి, తెల్లటివి. వెనకాల రిబ్బను కూడా కడతారట. మీ ఇనప కుర్చీలు చూశారంటే ఆయన గేటు దగ్గరే వెనక్కి తిరుగుతారు. ఏమీ అనుకోకండి."

ఇలా అని ఆవిడ, ఐలయ్య పోయిన వారమే కొన్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూచుని గొడుగు ఒళ్ళో పెట్టుకున్నారు. అది చూసేసరికి బుల్లబ్బాయికి ఎక్కడో కాలింది.

"అనుకోడానికేముందండి. నేను కోతలు కొయ్యను, ఉన్నదున్నట్టు చెప్తాను, ఆపైన మీ ఇష్టం. మొదట్లో నేను చేసింది చాలా చిన్న పని. ఇనప మడత కుర్చీకి కాళ్ళు రెండూ కలిసే చోట రివిట్టు ఉంటుంది చూశారా? పూర్వం అది సరిగ్గా మనం వేలు పెట్టే చోటే ఉండేది. మడిచారా, వేలు చితికిందే! పెళ్ళికి నలుగురైనా వేలికి గుడ్డ చుట్టుకుని వడ్డించేవారు. నేనేం చేశానూ, ఆ రివిట్టుని అరంగుళం కిందకి దింపాను. అంతే. అరంగుళమే! ఆ రోజు నించి ఇవాళ్టిదాకా అల్వాల్‌లో వేలు నలిగిన మనిషి లేడు. మా బజార్లో కట్లు కట్టే డాక్టరు గారు పాపం దుకాణం కట్టేసి ఊరెళ్ళిపోయాడు."

"ఏ డాక్టరన్నా? నాకెర్క లేదే," అన్నాడు ఐలయ్య గ్లాసులు కడుగుతూ.

"వెళ్ళిపోయినవాడి పేరు నీకెందుకయ్యా? టీ పెట్టు. టీచర్ గారికి చక్కెర తక్కువ. ఆఁ, ఏం చెప్తున్నాను? ఇంతలో కంటోన్మెంటులో ఓ ఫంక్షను వచ్చింది. మైదానమంతా వాలు. ఏ కుర్చీ వేసినా జరజరా జారిపోతోంది. పెద్ద పెద్ద ఆఫీసర్లు కుర్చీలతో సహా కిందకి పోతున్నారు. 'బుల్లబ్బాయిని పిలవండి' అన్నారు. పోయాను. నా కుర్చీలు వేశాను. ఒక్కటి కదిలితే ఒట్టు! కర్నలు గారు కూచున్నారు. కూచుంటే ఏమైందో తెలుసా? నిద్రపట్టేసింది! సరిహద్దుల్లో ఆరేళ్ళు కునుకు లేకుండా కాపలా కాసిన మనిషండి. చెవి పక్కన బ్యాండు వాయించినా లేవలేదు. సాయంత్రానికి లేచి, మొదటి మాట, 'ఈ కుర్చీ వేసినవాడెవడు?' ఇంకేముంది, జీపు మా ఇంటి ముందు. నాంచారమ్మ లబోదిబోమని, 'ఏం చేశావయ్యా, మిలట్రీవాళ్ళొచ్చారు!' అంది. 'ఏం చెయ్యలేదే, కూచోబెట్టాను' అన్నాను."

రిచర్డ్ గారు నవ్వు ఆపుకుంటూ అక్క మొహంలోకి చూశారు. ఆవిడ నవ్వలేదు. వచ్చే గురువారం గురించే ఆలోచిస్తున్నారు.

"కర్నలు గారు నన్ను తిన్నగా ఒక దొర దగ్గరికి తీసికెళ్ళారు. జర్మనీ దొర. పేరు నాకు నోరు తిరగదు, హనుమంతు గారూ అని పిలిచేవాణ్ణి, పలికేవాడు. ఆయన బాధేమిటంటే, నట్టు లేకుండా, బోల్టు లేకుండా, అతుకన్నది లేకుండా ఒకే ముక్కలో కుర్చీ పొయ్యాలి. ఇడ్లీ పోసినట్టు పొయ్యాలి! పోశాడు పాపం. ఒకటా రెండా, పంతొమ్మిది రకాలు పోశాడు. ఒకదాన్లో కూచుంటే ముందుకి తోసేస్తుంది. ఇంకోదాన్లో నడుం పట్టేస్తుంది. మరోదాన్లోంచి లేవాలంటే ఇద్దరు కావాలి. దొర గడ్డం పెంచేసి, అన్నం మానేసి, పరేషాన్‌లో ఉన్నాడు. నేను ఆ పంతొమ్మిది కుర్చీల చుట్టూ ఒక్కసారి తిరిగాను. తిరిగి ఏమన్నానో తెలుసా?"

"ఏమన్నవ్?" అన్నాడు ఐలయ్య. ఆపాటికి గ్లాసులు కడగడం ఆపేశాడు.

"'హనుమంతు గారూ, తప్పు కుర్చీలో లేదండి, కూచున్నవాడిలో ఉంది. ఎవర్ని కూచోబెట్టి కొలత తీశారు?' అన్నాను. 'మా దేశపువాళ్ళని' అన్నాడు. 'అదీ సంగతి! మీవాళ్ళకి కూచోడం వచ్చా అండి? కూచున్నా గడియారం చూస్తుంటారు. సగం కూచుంటారు, సగం లేచే ఉంటారు. కుర్చీ కావాలంటే ముందు కూచోడం తెలిసినవాడు కావాలి' అన్నాను. దొర నన్ను పైనించి కిందకి ఒకసారి చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, చేతులు పట్టేసుకున్నాడు."

"అంటే కూచోడం తెలిసినవారు తమరేనన్నమాట," అన్నారు రిచర్డ్ గారు.

"నేను కాకపోతే ఎవరండి? మా వంశంలోనే ఉంది. మా తాత పేకాటకి ఒక పుష్కరంలో కూచుంటే మళ్ళీ పుష్కరానికి లేచేవాడు. సరే, దొర బంకమన్ను తెప్పించాడు. నాలుగు లారీలు! 'ఇంతెందుకండీ' అంటే, 'అరలారీ చాలనుకున్నాను, మిమ్మల్ని చూశాక ఆర్డరు పెంచాను' అన్నాడు. గుట్ట పోశారు. దాని మీద కూచున్నాను. 'కదలకూడదు' అన్నాడు. కదిలితే నా పేరు బుల్లబ్బాయి కాదు! మొదటి రోజు పోయింది. రెండో రోజు భుజం మీద పిచ్చుక వాలింది. మూడో రోజు పుల్లలు తెచ్చింది. వారం తిరిగేసరికి గూడు కట్టి గుడ్లు పెట్టింది. ఆ పిల్లలకి రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా నేను ఊపిరి కూడా ఆచితూచి పీల్చానండి. పసిగుడ్లు కదా మరి!"

"గన్ని దినాలు అన్నమెట్లన్నా?"

"పిచ్చుకే పెట్టిందయ్యా! పిల్లలకి తెచ్చినప్పుడల్లా నాకూ ఒక గింజ. మనుషుల కంటే నయం. ఇప్పుడు ఆ ప్లాస్టిక్ కుర్చీకి వీపు దగ్గర నిలువుగా సందులుంటాయి చూశారా టీచర్ గారూ? అవి ఎందుకున్నాయనుకున్నారు? అప్పుడు మే నెల. చెమటకి ఒళ్ళు మంటెత్తిపోతోంది. 'హనుమంతూ, వీపుకి గాలి ఆడొద్దటయ్యా!' అని, చెయ్యి వెనక్కి పెట్టి ఐదు వేళ్ళతో మట్టిని ఇలా బరబరా గీరాను. ఆ గీతలే అవి! ప్లాస్టిక్ స్టూలుకి నడిమధ్య గుండ్రటి కన్నం ఉంటుంది, దాన్లో వేలు దూర్చి ఎత్తుతారు కదా, మరి అదేంటో తెలుసా? మట్టి ఆరిందా లేదా అని బొటనవేలు గుచ్చి చూశాను. 'అద్భుతం, ముట్టుకోకండి' అని దొర దాన్ని అలాగే ఉంచేశాడు. చదువుకున్నవాళ్ళు ఇప్పుడు తెగ చెప్తున్నారు, ఆ కన్నం గాలి కోసమట, బరువు కోసమట, ఒకదాంట్లో ఒకటి పెడితే అతుక్కోకుండానట. అన్నీ కట్టుకథలు! నా బొటనవేలండి అది!"

బొటనవేలు ఎత్తి అందరికీ చూపించాడు. ఐలయ్య తన వేలు కూడా ఓసారి చూసుకున్నాడు.

"అచ్చు తయారైంది, కుర్చీ పోశారు. 'ఎంత బరువు మోస్తుందో చూడాలి' అన్నాడు దొర. 'మీ ఇష్టం, ఏం పెడతారో పెట్టండి' అన్నాను. ఏనుగుని కూచోబెట్టారు. ఏనుగు హాయిగా కాలు మీద కాలేసుకుంది. దాని ఒళ్ళో ఇంకో ఏనుగుని కూచోబెట్టారు. కుర్చీ కిక్కురుమనలేదు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. 'సికింద్రాబాద్‌లో ఉండి ఏనుగులతో ఏంటండీ ఈ ఆటలు!' అని, అందర్నీ లోకోషెడ్డుకి తీసుకుపోయాను. బొగ్గు ఇంజనండి. క్రేనుతో ఎత్తి, మెల్లిగా కుర్చీలో కూచోబెట్టాం."

రిచర్డ్ గారు నిటారుగా అయ్యారు. "నంబరు?"

"దేనికండి?"

"ఇంజనుకి. ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో చేశాను. ఆ షెడ్డులో ప్రతి ఇంజనూ నాకు తెలుసు. నంబరు చెప్పండి."

"అది చెరిపేశారండి! ఎందుకు చెరిపేశారో చెప్తాను వినండి. కుర్చీకి ఏమీ కాలేదు. ఇంజనుకే అలవాటైపోయింది! దించుదామంటే దిగదు. విజిలేసి మారాం చేస్తుంది. ఎలాగో పట్టాల మీద పెట్టారు. రెండు స్టేషన్లు పోతుంది, ఆగిపోతుంది. ఏంటయ్యా అంటే, కూచోవాలట! పచ్చజెండా ఊపినా ఒకటే, ఎర్రజెండా ఊపినా ఒకటే. రైల్వేవాళ్ళకి సిగ్గేసి దాన్ని రికార్డుల్లోంచే తీసేశారు. మీదాకా ఎలా వస్తుందండి? మీరు నిజాయితీ గల మనిషి. ఇలాంటివి మీలాంటివారి చెవిన పడనివ్వరు."

నిజాయితీ గల మనిషి అన్నాక రిచర్డ్ గారు నంబరు సంగతి వదిలేశారు. టీ గ్లాసు అందుకున్నారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక కుర్చీ సెక్రటేరియట్‌కి పోయింది. ఎవరు పంపారో, ఎవరు కూచున్నారో చెప్పను, మనకెందుకు. కూచున్నాయన ఐదేళ్ళయినా లేవలేదు. ఓట్లేసి చూశారు, లేవలేదు. దణ్ణాలు పెట్టారు, లేవలేదు. చివరికి నలుగురు కలిసి లాగితే లేచాడు గానీ, ఆ లాగిన నలుగురిలో ఒకడు చటుక్కున కూచున్నాడు. అంతకుముందు మన రాష్ట్రంలో కుర్చీ కోసం కొట్టుకోవడం ఎప్పుడైనా విన్నారా? లేదే! నా కుర్చీతోనే షురూ అయింది. అదలా ఉంచండి. ఆకాశంలోకి రాకెట్టులో పోతారు, అక్కడ మనిషికి బరువుండదట, కూచుందామన్నా గాల్లో తేలిపోతుంటాడట. దొర నా కుర్చీ ఒకటి పైకి పంపించాడు. ఆ మనిషి కూచున్నాడండి! బరువే లేని చోట కూచున్నాడు! 'కిందకి రావయ్యా' అంటే 'ఏం తొందర, మీరే పైకి రండి' అన్నాట్ట."

"అయితే చంద్రుని మీద సుత నీ కుర్చీ ఉన్నదాయె?"

"ఉంది. కానీ అది నేను చెప్పుకోను. గొప్పలు చెప్పుకోవడమంటే నాకు మొదట్నించీ చిరాకు."

మేబెల్ టీచర్ గారు అప్పటికి నోరు విప్పారు. "అంత గొప్ప కుర్చీ మీరే చేయించుంటే, దాన్ని అద్దెకెందుకివ్వరు బుల్లబ్బాయి గారూ? మీ కోసం కాదు, నా కోసం అడుగుతున్నాను. అవే రెండొందలు మీ దగ్గరుంటే నేను ఇంకో చోటికి పోయేదాన్నా?"

"అదీ, అలా అడగండి!" అని బుల్లబ్బాయి అరుగు మీద ముందుకి జరిగాడు. "అసలు విషయం అదే. ఒకరోజు నాంచారమ్మతో కలిసి సికింద్రాబాద్ బజారుకి పోయాను. ఎక్కడ చూసినా నా కుర్చీలే. బట్టల కొట్లో అవే, డాక్టరు దగ్గర అవే, స్టేషను బయట అవే. బట్టల కొట్లో ఒకావిడ వచ్చి కుర్చీలో కూచుంది. నాకిక్కడ చురుక్కుమంది. రోడ్డవతల ఓ ముసలాయన చతికిలబడ్డాడు. నా ఎడం తొడ తిమ్మిరెక్కింది. అప్పుడు తెలిసిందండి నాకు! అచ్చు నాది. ఆ గుంట నాది. ఆ చేతులు నావి. మరి దాన్లో కూచున్నారంటే ఎక్కడ కూచున్నట్టు? నా ఒళ్ళో! ప్రపంచమంతా వచ్చి నా ఒళ్ళో కూచుంటోంది! నాంచారమ్మ ఆ బజార్లోనే కళ్ళొత్తుకుంది. 'ఇంతమందిని ఒళ్ళో కూచోబెట్టుకున్నావా? మా పుట్టింటివాళ్ళకి తెలిస్తే!' అని."

హోటల్ ముందున్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. బుల్లబ్బాయి మాత్రం నవ్వలేదు. గొంతు పెంచాడు.

"నవ్వండి. పరువుగా బతికినవాణ్ణి నేను. ఆ రోజే ఒట్టేసుకున్నాను, నా కంపెనీలో ప్లాస్టిక్ కుర్చీ అడుగుపెట్టకూడదని. ఊళ్ళో సప్లయర్లంతా మారిపోయారు. మొన్న సంఘం మీటింగులో అందరూ కలిసి, 'బుల్లబ్బాయ్, నీ ఇనప సామాను తుక్కుకేసెయ్యవయ్యా' అన్నారు. లేచి నించుని చెప్పాను. 'మీ షామియానాలు చిరిగిపోతాయేమో గానీ నా మాట చిరగదు. ఒక్కణ్ణే మిగిలితే ఒక్కణ్ణే మిగులుతాను. మారను. పొండి!' అన్నాను. మీకూ అదే చెప్తున్నాను టీచర్ గారూ. మీ మర్యాద గురించే చెప్తున్నాను. గురువారం నాడు చర్చి ఆవరణలో, పాస్టరు గారి ముందు, మీ వియ్యపురాలు దేవకృపమ్మ గారు పట్టుచీర కట్టుకుని వచ్చి, మొదటి వరసలో నా ఒళ్ళో, అబ్బెబ్బే, నా నోటితో నేననలేను. ఆవిడ దాకా ఎందుకు, మీరు! ఇప్పుడు! మీరు ఎక్కడ కూచున్నారో చూసుకోండి!"

మేబెల్ టీచర్ గారు దిగ్గున లేచి నించున్నారు. లేచాక గానీ లేచినట్టు తెలీలేదు. గొడుగు కిందపడింది. ఐలయ్య కడుపు పట్టుకున్నాడు. రిచర్డ్ గారు అటు తిరిగి దగ్గు తెచ్చుకున్నారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, గొడుగు తీసుకుని, ఆ ఎర్ర కుర్చీని బుల్లబ్బాయి వైపు తిప్పారు.

"కూర్చోండి," అన్నారు.

"నేనాండీ?"

"మీరే. మీ అచ్చే కదా. కూర్చోండి."

"నా ఒళ్ళో నేనే ఎలా కూచుంటానండీ? మనిషన్నవాడెవడైనా కూచోగలడా?"

"కూసో అన్నా," అన్నాడు ఐలయ్య. "అచ్చు నీదైతే జెర సుత ఎక్కువ తక్కువ గాకుండ పట్టాలె. సూద్దాం."

"కూర్చోండి బుల్లబ్బాయి గారూ." ముప్పయ్యొక్క ఏళ్ళు క్లాసులో పిల్లల్ని కూచోబెట్టిన గొంతు అది. బుల్లబ్బాయి లేచాడు. కుర్చీకి వీపు తిప్పాడు. చేతులు రెండూ పట్టుకుని మెల్లిగా దిగాడు.

దిగి, దిగి, మధ్యలో ఆగిపోయాడు. కుర్చీ చేతులు రెండూ నడుముకి అటూ ఇటూ పట్టేశాయి. కింద ఇంకా జానెడు ఖాళీ ఉంది. వెనక కాళ్ళు కిర్రుమని బయటికి జరిగాయి. ఆ చప్పుడుకి బుల్లబ్బాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. గబుక్కున ఐలయ్య భుజం పట్టుకుని పైకి లేచి, అరుగు దాకా పోయి, రెండు చేతులూ అరుగు మీద ఆనించాడు.

"గదేందన్నా!" అన్నాడు ఐలయ్య. "అచ్చు నీదేనాయె. మరి అందరు పడుతుండ్రు, నువ్వొక్కనివే పడతలేవు!"

ఈసారి నవ్వు రోడ్డవతలికి కూడా వినిపించింది. బుల్లబ్బాయి తలెత్తాడు. "కొలతిచ్చి పదిహేనేళ్ళయిందయ్యా! అప్పట్లో నేను..."

"ధర్మరాజు గారి గృహప్రవేశంలో మీ వెనక వరసలో కూచున్నది నేనే," అన్నారు మేబెల్ టీచర్ గారు.

గట్టిగా అనలేదు. అయినా బుల్లబ్బాయి మాట ఆగిపోయింది. ఐలయ్య నవ్వు ఆపి పొయ్యి వైపు తిరిగాడు.

"చూశారా అయితే," అన్నాడు బుల్లబ్బాయి చివరికి. "పడ్డానండి. అవును, పడ్డాను. అల్వాల్ అంతా ఉన్నారు ఆ రోజు. కుర్చీలు జగదాంబవాళ్ళవి. కూచున్నానో లేదో నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పోయాయి. చేతిలో పాయసం గ్లాసు. వీడియో తీసేవాడు లైటు నా మీదకి తిప్పాడు. నాంచారమ్మ ఒక్కతే లేపలేక లేపింది. మిగతావాళ్ళంతా నవ్వుతున్నారు. ఆ క్యాసెట్టు వేసుకుని ఇప్పటికీ నవ్వుకుంటున్నారని తెలుసు నాకు. నన్నే అన్నారండి అందరూ. తిండి తగ్గించమన్నారు, నడవమన్నారు. కాళ్ళు చాపేసిన కుర్చీని ఒక్కడన్నా ఒక్క మాట అన్నాడా? దానిది తప్పు కాదా? మనిషి కూచోడానికి కాదా అది చేసింది?"

అరుగు మీద అరచేత్తో గట్టిగా చరిచి మళ్ళీ అందుకున్నాడు.

"ఆ రోజు ఇంటికొచ్చి ఒట్టేసుకున్నాను. నేను కూచోలేని కుర్చీ నేనెవరికీ వెయ్యను. అదీ నా పట్టుదల. తుప్పు పట్టనీండి, పాతవనీండి, ఎవరొచ్చి కూచున్నా నా ఇనప కుర్చీ కిందకి దించదు. ఇంకేం లేదండి. జర్మనీ దొరా లేడు, ఇంజనూ లేదు. పొండి, జగదాంబ దగ్గరికే పొండి. రిబ్బన్లు కట్టించుకోండి. నేను మాత్రం మారను."

టీచర్ గారు కదల్లేదు. "ఆ తర్వాత ఎవరైనా పిలిస్తే పోవడం మానేశారా?"

"మానేస్తే బాగుంటుందాండీ? పోతాను. నించుంటాను. 'కూచోండి బుల్లబ్బాయి గారూ' అని బతిమాలతారు. 'పర్లేదండి, నాకు నించోడమే హాయి' అని నవ్వుతాను. కాళ్ళు లాగేస్తుంటాయి. భోజనం కూడా నించునే చేస్తాను. గర్వమనుకుంటారు కొందరు. అనుకోనీ. పడ్డం కంటే నయం కదా."

మేబెల్ టీచర్ గారు తమ్ముడి వైపు చూశారు. రిచర్డ్ గారు అప్పటికే ఆవిడ వైపు చూస్తున్నారు.

"అక్కా," అన్నారాయన మెల్లిగా. "లూకా గారు కూడా ఇదే మాటన్నారు. 'పర్లేదమ్మా, నాకు నించోడమే హాయి' అని."

"అన్నారు." ఆవిడ ఆ ఎర్ర కుర్చీ చేతి మీద చెయ్యి వేశారు. "మనింట్లో ఉన్నవన్నీ ఇవే. ఆయన లోపలికొస్తూనే ఒక్కసారి కుర్చీలన్నీ చూశారు. నాకు గుర్తుంది. మన సామాను చూసి మొహం చిట్లించారనుకున్నాను." ఆగి, బుల్లబ్బాయి వైపు తిరిగారు. "ఆయన మీ అంత ఉంటారు. ఇంకా ఒక పిడికెడు ఎక్కువే."

బుల్లబ్బాయి అరుగు మీంచి చేతులు తీసి నిలబడ్డాడు.

"ఆయన అలగలేదండి టీచర్ గారూ," అన్నాడు. "భయపడ్డారు. వియ్యాలవారింట్లో, కొడుకు ముందు, పడిపోతానేమోనని భయపడ్డారు. ఆ సిగ్గుతోనే ఫోను కూడా చేసి ఉండరు. మూడు గంటలు నించున్నారా! అయ్యో. ఆ కాళ్ళు ఎంత లాగి ఉంటాయో మీకు తెలీదండి."

టీచర్ గారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. నెల రోజులుగా ఆ మనిషిని ఇంట్లో ఏమేం అనుకున్నారో అవన్నీ ఆవిడకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తర్వాత రిచర్డ్ గారిని ఆటో పిలవమన్నారు. జగదాంబ దగ్గరికి కాదు, ఇంటికి. ముందు ప్రేమమణికి చెప్పాలి.

"గురువారం నాలుగింటికల్లా కుర్చీలు వచ్చెయ్యాలి," అన్నారు. "రెండొందలూ మీవే. మొదటి వరసలో లూకా గారికొకటి, ఆయన పక్కన మీకొకటి. ఆయన గేట్లోకి రాగానే మీరు ముందు కూర్చోండి. మిమ్మల్ని చూస్తే ఆయనే కూర్చుంటారు."

"నేనాండీ? వియ్యాలవారి వరసలో?" బుల్లబ్బాయి తడబడ్డాడు. "ఆయనతో ఏం మాట్లాడమంటారు? కర్నలు గారి దగ్గర్నించి ఎత్తుకోనా?"

ఆవిడ ఆటో ఎక్కుతూ తల అడ్డంగా ఊపారు.

"పడ్డానని చెప్పండి," అన్నారు. "అది చాలు."